ఎక్కడ దొరికింది?

(మాస్టారి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



మాస్టారు మాకు సోషల్ చెప్పారు. ఈ సభలో ఉన్నవాళ్లలో సగం మందికి ఆయన మాస్టారు, మిగతా సగానికి బంధువు. ఆయన గురించి మీకు నేను కొత్తగా చెప్పగలిగింది తక్కువ. ఆయన దగ్గర నేర్చుకున్న ఒక ప్రశ్న గురించి మాత్రం చెబుతాను. ఈ ఉపన్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మమ్మల్ని అమరావతి తీసుకెళ్లారు. స్తూపం చూశాక ధరణికోట వైపు నడిపించారు. దారిలో ఒక చేను గట్టున నాకో కుండపెంకు దొరికింది. లోపలి వైపు నిగనిగలాడే నలుపు, బయట ఎరుపు. ఎంతో నున్నగా ఉంది. జేబులో వేసుకున్నాను. సాయంత్రం బస్సు ఎక్కేముందు గర్వంగా తీసి చూపించాను. మాస్టారు దాన్ని అరచేతిలో పెట్టుకుని, వేలితో అంచు తడిమి, "ఇది రెండువేల ఏళ్ల నాటిది కావచ్చురా. ఎక్కడ దొరికింది?" అన్నారు. నేను చుట్టూ చూశాను. ఏ చేనో గుర్తు రాలేదు. ఎటు నుంచి వచ్చామో కూడా సరిగా చెప్పలేకపోయాను. ఆయన కోప్పడలేదు. పెంకు నా చేతిలో పెట్టి, "పొద్దున అది సాక్ష్యంరా, ఇప్పుడు వట్టి పెంకు" అన్నారు.

ఆ మాట నన్ను చాలాకాలం బాధపెట్టింది. పెంకు మారలేదు. నలుపు నలుపుగానే ఉంది, ఎరుపు ఎరుపుగానే ఉంది. మరి ఏం పోయింది? ప్రపంచంలో ఎక్కడెక్కడో జరిగిన తవ్వకాల గురించి చదువుతూ వచ్చిన ఇన్నేళ్లలో దానికి నాకు దొరికిన జవాబే ఈవేళ మీ ముందు పెడుతున్నాను.

రెండు చిన్న బొమ్మలు

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌కి పడమరగా మేలారెన్ అనే పెద్ద సరస్సు ఉంది. అందులో హెల్గో అనే దీవి. 1950లలో అక్కడ ఒక పాత వర్తక గ్రామాన్ని తవ్వుతుంటే అరచేతిలో ఇమిడే కంచు బొమ్మ బయటపడింది. తామరపువ్వు మీద పద్మాసనం వేసుకుని కూర్చున్న బుద్ధుడు. మన ఉపఖండపు వాయవ్య మూల, కశ్మీర్, స్వాత్ లోయల ప్రాంతంలో సుమారు పదిహేను వందల ఏళ్ల కిందట పోత పోసిన బొమ్మ అది. అదే గ్రామంలో ఐర్లాండ్ నుంచి వచ్చిన ఒక క్రైస్తవ మతాధికారి దండం పైభాగమూ, ఈజిప్టు నుంచి వచ్చిన ఒక కంచు గరిటా దొరికాయి.

ఇలాంటి బుద్ధుడి బొమ్మ కశ్మీర్‌లో దొరికి ఉంటే చూసినవాళ్లు అందంగా ఉందనుకుని పక్కన పెట్టేవారు. ఒక పాతసామాన్ల దుకాణంలో కనిపించి ఉంటే దాని ధర ఎంతో చెప్పేవారు. మంచు దేశపు సరస్సు మధ్య, ఐర్లాండ్ దండంతోనూ ఈజిప్టు గరిటెతోనూ ఒకే ఊళ్లో దొరికింది కాబట్టి అది ఒక యుగం కథ చెబుతోంది. చేతులు మారుతూ, ఒంటెల మీద, పడవల మీద ఆ బొమ్మ అంత దూరం వెళ్లిన దారి ఒకటి ఉందని చెబుతోంది. ఆ కథ కంచులో లేదు, బొమ్మ దొరికిన చోటులో ఉంది.

రెండో బొమ్మ మనకి ఇంకా దగ్గరిది. ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం క్రీ.శ. 79లో బద్దలై పాంపే నగరాన్ని బూడిద కింద పూడ్చేసింది. 1938లో అమెడియో మయూరి అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ ఒక ఇంటిని తవ్విస్తుంటే దంతంతో చెక్కిన స్త్రీ మూర్తి దొరికింది. అడుగుకి కాస్త తక్కువ ఎత్తు. మెడ నిండా హారాలు, కాళ్లకి బరువైన కడియాలు, ఇరుపక్కలా అలంకరణ సామగ్రి పట్టుకున్న ఇద్దరు చిన్న పరిచారికలు. అడుగున ఖరోష్ఠి లిపిలో ఒక అక్షరం. చూసిన క్షణంలో మన దేశపు బొమ్మ అని తెలిసిపోతుంది. మొదట లక్ష్మి అన్నారు, ఇప్పుడు చాలామంది యక్షి అంటున్నారు. ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది.

మన శిల్పాలకి కాలం కట్టడం ఎంత కష్టమో ఈ రంగంలో ఉన్నవాళ్లకి తెలుసు. చెక్కినవాడు తేదీ వేయడు. వందేళ్లు అటూ ఇటూ ఊగుతూ పండితులు దశాబ్దాల తరబడి వాదించుకుంటారు. ఈ దంతపు బొమ్మ విషయంలో మాత్రం ఒక హద్దు దగ్గర వాదన ఆగిపోతుంది. క్రీ.శ. 79 తర్వాత అది ఆ ఇంట్లోకి వెళ్లే వీలు లేదు, పైన బూడిద మూత పడిపోయింది. ఇలాంటి బొమ్మలే మహారాష్ట్రలోని తేర్, భోకర్దన్‌లలో దొరికాయి. అవి శాతవాహనులు ఏలిన నేల. అంటే ఇటలీలోని ఒక ఇంటి శిథిలం మన దక్కన్ శిల్పుల పనితనానికి కాలం చెబుతోంది. అదే బొమ్మని ఎవరైనా దొంగతనంగా తవ్వి అమ్ముకుని ఉంటే ఈ సంగతి ఈనాటికీ మనకి తెలిసేది కాదు.

పొర చెప్పే మాట

సింధు నాగరికత వయసు ఎలా తెలిసిందో గుర్తు చేసుకోండి. 1924 సెప్టెంబరులో మన పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ ఒక లండన్ పత్రికలో హరప్పా, మొహెంజొదారో తవ్వకాల బొమ్మలు అచ్చు వేయించారు. అంత పెద్ద నగరాలు ఏ కాలానివో ఆయనకే స్పష్టంగా తెలియదు. కొద్ది వారాల్లోనే, మెసొపొటేమియా వస్తువులు ఎరిగిన పండితులు, అలాంటి ముద్రలు అక్కడ దొరికాయని రాశారు. అక్కడి పొరల కాలం తెలుసు కాబట్టి మన చరిత్ర ఒక్కసారిగా వేల ఏళ్లు వెనక్కి జరిగింది. వేలెడంత రాతి ముద్ర అది. ఏ పొరలో దొరికిందో ఎవరో ఒకరు రాసి ఉంచబట్టి ఇంత పని చేసింది.

మరొకటి చెబుతాను. 1922 నవంబరు 4న ఈజిప్టు రాజుల లోయలో హోవర్డ్ కార్టర్ పనివాళ్లకి ఒక మెట్టు కనిపించింది. ఆ మెట్లు దిగితే టుటన్‌కామన్ రాజు సమాధి. బంగారపు ముసుగు అందరికీ తెలుసు. ఆ చిన్న గదుల్లోంచి 5,398 వస్తువులు బయటికి తీయడానికి కార్టర్‌కి పదేళ్లు పట్టింది. ఒక్కో వస్తువుకీ అంకె వేసి, ఉన్నది ఉన్నట్టు ఫోటో తీయించి, దేని పక్కన ఏది ఉందో గీసుకుని, అప్పుడు కదిలించారు. ఆత్రంగా తవ్వే మనిషైతే వారంలో ఊడ్చేసేవాడు.

ఆ ఓపిక ఫలితం బంగారంలో కాదు, పూలల్లో కనిపించింది. లోపలి శవపేటిక మీద వాడిపోయిన పూలహారం ఉంది. మూడువేల రెండువందల ఏళ్లకి పైగా అక్కడే ఉండి, ముట్టుకుంటే పొడి అయిపోయేలా ఉంది. అందులోని పూలూ, కాయలూ ఏవో వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు గుర్తుపట్టారు. అవన్నీ ఈజిప్టులో ఒకేసారి దొరికేది మార్చి మధ్య నుంచి ఏప్రిల్ చివరి లోపు. అంటే, ఇరవై ఏళ్లు నిండని ఆ కుర్ర రాజుని ఏ రుతువులో సాగనంపారో మనకి తెలిసింది. ఈ కబురు చెప్పిన పూలహారానికి ఏ బజారులోనూ పైసా ధర పలకదు.

తెలుగులో 'నెలవు' అని మంచి మాట ఉంది. ఉండవలసిన చోటు, తనది అయిన చోటు అని అర్థం. పురావస్తువుకి నెలవే ప్రాణం. చుట్టూ ఉన్న మట్టి, పక్కనున్న పెంకు, కిందనున్న పొర, పైనున్న బూడిద అన్నీ కలిస్తే నెలవు. వస్తువుని అందులోంచి లాగి తెస్తే మన చేతికి వచ్చేది సగమే. మిగతా సగం అక్కడే మట్టిలో కలిసిపోతుంది, మళ్లీ తీయలేం. ఒక చోటుని ఒక్కసారే తవ్వగలం. తవ్వడమంటే చదువుతూ చదువుతూ పుస్తకాన్ని చింపేయడం. చదివింది రాసుకోకపోతే ఏమీ మిగలదు.

అమరావతి: నెలవు తప్పిన రాళ్లు

ఇలా నెలవు తప్పించడం మన ఇంటి ముంగిట జరిగినంత ఘోరంగా ప్రపంచంలో చాలా తక్కువ చోట్ల జరిగింది.

అమరావతి మహాచైత్యాన్ని, అంటే అక్కడి స్తూపాన్ని, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు 'దీపాల దిన్నె' అనేవారు. 1790లలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు చింతపల్లి నుంచి మకాం మార్చి అమరావతిలో కొత్త పట్నం కట్టించారు. ఇటుకలకీ రాళ్లకీ దిన్నెని తవ్వారు. రాయి కావలసినవాడికి రాయి, నిధి మీద ఆశ ఉన్నవాడికి నిధి ఆశ. అప్పుడు సర్వేయరుగా తిరుగుతున్న కోలిన్ మెకంజీ సంగతి విని వచ్చి చూశారు. 1816లో ఆయన మళ్లీ వచ్చేసరికి దిన్నె నడిమి భాగం గుంతగా మారిపోయింది. అయినా ఆయన, ఆయన మనుషులు కలిసి నేలపటం గీశారు, శిల్పాల బొమ్మలు ఎంతో శ్రద్ధగా దించారు. మెకంజీకి చేదోడుగా ఉన్నవాళ్లలో ఏలూరుకి చెందిన కావలి సోదరులు ఉన్నారని మనం మరిచిపోకూడదు. ఆ బొమ్మలు ఇప్పటికీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. వాటిలో ఉన్న కొన్ని రాళ్లు మాత్రం ఈనాడు భూమ్మీద ఎక్కడా లేవు. రాయి పోయింది, కాగితం మిగిలింది.

1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి రాళ్లని మద్రాసు చేర్చారు. అక్కడ చాలా ఏళ్లు ఎండకీ వానకీ పడి ఉన్నాయి. 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. 1867లో జేమ్స్ ఫెర్గుసన్ అనే చరిత్రకారుడు వాటి జాడ తీసేనాటికి అవి ఒక భవనపు బళ్ల కొట్టంలో ఉన్నాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియంకి చేరాయి. ఇక్కడ అమరావతిలో చూస్తే, 1877లో రాబర్ట్ స్యువెల్ కొంత తవ్వి నివేదిక రాశారు. 1880లో మద్రాసు గవర్నరు స్తూపమంతా శుభ్రంగా తవ్వించమని హుకుం ఇచ్చారు. 1881లో జేమ్స్ బర్జెస్ వచ్చి చూస్తే స్తూపం ఉండవలసిన చోట పెద్ద గొయ్యి, దాని చుట్టూ రాళ్లు. ఏ రాయి ఏ దిక్కున ఉండేదో, దేని పక్కన నిలిచేదో చెప్పే రాత సరిగా లేదు.

ఇప్పుడు ఆ రాళ్లు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో కొన్ని, లండన్‌లో సుమారు నూట ఇరవై, పారిస్, కోల్‌కతా, ఢిల్లీల్లో కొన్ని, అమరావతిలో మిగిలినవి కొన్ని. లండన్‌లో వాటిని 'మార్బుల్స్' అన్నారు. అది పాలరాయి కాదు, మన పల్నాటి సున్నపురాయి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తెలుపు. ఆ రాయి పుట్టుక ఎరగనివాళ్లు దానికి పెట్టిన పేరు అది.

దగ్గర నుంచి చూడవలసిన రాయి ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దానికి రెండు వైపులా చెక్కడం ఉంది. ఒక వైపు క్రీస్తుకి పూర్వపు పని. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చేతులు జోడించిన భక్తులు. బుద్ధుడి రూపం చెక్కని రోజులవి. ఖాళీ ఆసనమే బుద్ధుడు. ఆ తర్వాత సుమారు మూడు వందల ఏళ్లకి, స్తూపాన్ని కొత్తగా తీర్చినప్పుడు, అదే రాయిని తిప్పి వెనక వైపు మళ్లీ చెక్కారు. ఈసారి స్తూపమంతా చెక్కారు. ప్రాకారం, సింహాలు, వాకిలి ఎదురుగా అయిదు స్తంభాలు, పైన గుండ్రని అండం, దాని మీద గాలిలో తేలే దేవతలు. మహాచైత్యం నిండుగా ఉన్న రోజుల్లో ఎలా ఉండేదో మనం ఊహించుకోవడానికి ఇలాంటి పలకలే ఆధారం. లేని గుడి రూపం ఉన్న రాయిలో దాగి ఉంది. మరి ఈ పలక స్తూపానికి ఏ వైపు ఉండేది? దాని పక్క పలక మీద ఏ కథ ఉండేది? ప్రదక్షిణ చేసే భక్తుడు దీన్ని చూశాక దేన్ని చూసేవాడు? ఆ వరుస తెగిపోయింది. ఒక కావ్యంలో పద్యాలన్నీ విడివిడి కాగితాల మీద రాసి గాలికి వదిలేసినట్టయింది.

ఇంకో చిన్న ముక్క సంగతి. అమరావతి రాళ్లలో ఒకదాని మీద 'నాగబు' అనే మాట ఉందని వేటూరి ప్రభాకర శాస్త్రి గారు గుర్తించారు. ఇంతవరకూ దొరికిన తెలుగు మాటల్లో తొలి మాటగా దాన్ని చాలామంది చెబుతారు. మన భాషకి బారసాల చేసిన రాయి అది. కానీ అది విరిగిన ముక్క. ఆ మాటకి ముందు ఏముందో, వెనక ఏముందో చెప్పడానికి మిగతా రాయి లేదు. ఏ గోడలో కలిసిందో, ఏ సున్నపు బట్టీలో కాలిందో! ఒక్క వాక్యం మొత్తం దొరికి ఉంటే తెలుగు చరిత్ర మొదటి పుట ఇంకోలా ఉండేదేమో అని తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

దొరికిన రాళ్లు ఎంత మాట్లాడతాయో కూడా చూడండి. విధికుడు అనే చర్మకారుడు, నాగ ఉపాధ్యాయుడి కొడుకు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో, బంధువులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి స్తూపానికి ఇచ్చాడు. పేరు చెక్కించుకున్నాడు. తోలు పని చేసుకునే మనిషి ఇంటిల్లిపాదితో వచ్చి మహాచైత్యానికి కానుక ఇచ్చి, సగర్వంగా తన వృత్తి చెప్పుకున్న సమాజం అది. రాజుల శాసనాలు వంద చదివినా ఈ ఒక్క పలక చెప్పినంత చెప్పవు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తీసుకున్న రాజముద్ర నడుమ ఉన్నది ఆ పూర్ణఘటమే. మన ప్రభుత్వ కాగితాల మీద రోజూ కనిపించే గుర్తు ఒక చర్మకారుడి కానుక.

రెండు లోయలు, రెండు ఆనకట్టలు

రాళ్లని కదిలించక తప్పని రోజులూ వస్తాయి. మాస్టారు దాన్ని ఒప్పుకునేవారు. అన్నం పెట్టే నీటికి ఎవరూ అడ్డు చెప్పలేరని అనేవారు. కదిలించే పద్ధతి గురించే ఆయన పట్టుదలంతా.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ నీటి కింద పోవలసిన లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. 1926లో శాసనాలు వెతుకుతూ వచ్చిన ఎ.ఆర్. సరస్వతి గారు దాన్ని లోకానికి తెలియజేశారు. తర్వాత లాంగ్‌హర్‌స్ట్ తవ్వించారు. ఆనకట్ట ఖాయమయ్యాక 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయంతా జల్లెడ పట్టారు. వందకి పైగా కట్టడాలు బయటపడ్డాయి. విహారాలు, చైత్యాలు, దేవాలయాలు, మెట్లు కట్టిన కోనేరు, జనం చుట్టూ కూర్చుని చూసే ఆటస్థలం. అన్నిటికీ కొలతలు, పటాలు, ఫోటోలు తీశారు. తొమ్మిది కట్టడాలని రాయి రాయి విప్పి, అంకెలు వేసి, నాగార్జునకొండ మీదికి చేర్చి మళ్లీ కట్టారు. పద్నాలుగింటికి నమూనాలు కట్టారు. అక్కడి మ్యూజియం 1966లో తెరిచారు. అక్కడికి లాంచీలో వెళ్లే ప్రతివాడూ తన కాళ్ల కింద ఎన్నో గజాల లోతున ఒక నగరం ఉందని ఒక్క క్షణమైనా తలుచుకోవాలి.

అదే కాలంలో ఈజిప్టులో నైలు నది మీద అస్వాన్ ఆనకట్ట లేచింది. నూబియా నేలంతా మునుగుతుందని 1960 మార్చిలో యునెస్కో ప్రపంచాన్ని పిలిచింది. ఎన్నో దేశాలు కదిలాయి. మన దేశం నుంచి పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ గారి బృందం వెళ్లి అఫియే అనే చోట తవ్వకాలు చేసింది. అన్నిటికంటే పెద్ద పని అబూ సింబెల్‌ది. మూడువేల రెండువందల ఏళ్ల కిందట రెండో రామెసీస్ కొండనే తొలిచి చేయించిన గుడి. వాకిట్లో ఇరవై మీటర్ల ఎత్తున నాలుగు రాతి విగ్రహాలు. 1964 నుంచి 1968 వరకు దాన్ని వెయ్యికి పైగా ముక్కలుగా రంపాలతో కోసి, సుమారు 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి చేర్చి, మళ్లీ అతికి, పైన కొండ కూడా కట్టారు.

నన్ను కదిలించిన సంగతి ఇది. ఆ గుడి గర్భగృహంలో నాలుగు విగ్రహాలు కూర్చుని ఉంటాయి. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, ఉదయ సూర్యుడి కిరణం వాకిలి దాటి లోపలంతా ప్రయాణించి ఆ విగ్రహాల మీద పడుతుంది. పాతాళానికి సంబంధించిన ప్తా దేవుడు మాత్రం చీకట్లోనే ఉంటాడు. గుడిని తరలించిన ఇంజనీర్లు రాళ్లతో పాటు ఈ వెలుగుని కూడా తరలించారు. దిక్కు తప్పకుండా కొలిచి నిలబెట్టారు. ఒక రోజు తేడా వచ్చిందంటారు గానీ, కిరణం ఇప్పటికీ లోపలికి వెళుతోంది. నెలవు మార్చవలసి వచ్చినప్పుడు నెలవు గుణాన్ని కూడా వెంట తీసుకెళ్లడమంటే ఇదే. ప్రపంచ వారసత్వ స్థలాలని ఇప్పుడు మనం గొప్పగా చెప్పుకునే 1972 నాటి ఒప్పందానికి దారి వేసింది కూడా నూబియాలో జరిగిన ఈ ఉమ్మడి శ్రమే.

అమరావతినీ నాగార్జునకొండనీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ కృష్ణ ఒడ్డువే. రెండు చోట్లా రాళ్లు కదిలాయి. ఒక చోట రాత లేకుండా కదిలాయి, ఇంకో చోట రాతతో కదిలాయి. మునిగిపోయిన విజయపురిలో ఏ వీధి ఎటు పోయేదో ఈనాడు పటం మీద వేలు పెట్టి చూపించగలం. నీళ్లు ముట్టని అమరావతి స్తూపంలో ఏ పలక ఎక్కడిదో ఖాయంగా చెప్పలేం. చరిత్రని నీళ్ల కంటే ఎక్కువగా అశ్రద్ధే ముంచుతుంది.

చిట్టా కాపాడుతుంది

2003 ఏప్రిల్‌లో యుద్ధం నడుమ బాగ్దాదు మ్యూజియంని దోచుకున్నారు. సుమారు 15 వేల వస్తువులు పోయాయి. అయిదువేల ఏళ్ల నాటి వర్కా పాత్ర కూడా పోయింది. రెండు నెలల్లో ఎవరో దాన్ని ముక్కలుగా కారులో తెచ్చి ఇచ్చి వెళ్లారు. మ్యూజియంలో పోయిన వస్తువుకి అంకె ఉంది, ఫోటో ఉంది, కొలత ఉంది. ఎక్కడ తేలినా ఇది మాది అని చెప్పవచ్చు. అదే రోజుల్లో దక్షిణ ఇరాక్‌లోని పాత నగరాల దిబ్బల్లో దొంగలు వేల గుంతలు తవ్వారు. అందులోంచి తీసిన వస్తువులకి ఏ చిట్టా లేదు. అవి ఎన్నో, ఏమిటో, ఏ దేశంలో ఎవరి అద్దాల బీరువాలో ఉన్నాయో ఎవరూ చెప్పలేరు.

మనకీ ఇలాంటి అనుభవం ఉంది. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్థలం ఉంది. అక్కడ తవ్వకాల్లో దొరికిన ఒక సున్నపురాతి పలక, బుద్ధుడికి మొక్కే భక్తులున్నది, దొంగతనంగా దేశం దాటింది. 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాన్ని ఒక వ్యాపారి దగ్గర కొన్నది. తర్వాత, అది చందవరంలో ఉండగా తీసిన ఫోటో బయటికి వచ్చింది. ఇక కాదనడానికి ఏమీ లేకపోయింది. 2016లో పలక తిరిగి వచ్చింది. గోడా, తాళమూ కాపాడలేకపోయిన రాయిని ఒక ఫోటో వెనక్కి తెచ్చింది.

మన ఊళ్లో

ఇవన్నీ పెద్ద మ్యూజియాల సంగతులనీ, మనకి సంబంధం లేదనీ అనుకోకండి. ఈ సభలో చాలామంది ఊళ్ల పక్కన పాటిదిబ్బ ఉంటుంది. పాటిమన్ను చేలకి బలమని మన తాతల కాలం నుంచీ బళ్లతో తోలుకుంటున్నాం, ఇప్పుడు ట్రాక్టర్లతో తోలుతున్నాం. అది ఎందుకు బలమో ఆలోచించండి. వందల ఏళ్లు మనుషులు అక్కడ వండుకుని, తిని, పశువులని కట్టి, బూడిద పోసి బతికిన మన్ను అది. ప్రతి ట్రక్కుతో పాటు పూసలు, పెంకులు, ఇటుకలు, అవి ఉన్న పొరలు చేనంతా చిమ్మబడుతున్నాయి. తెలంగాణ పల్లెల్లో రాక్షస గుళ్లని పిలిచే పెద్ద రాళ్ల సమాధులు క్వారీలకీ వెంచర్లకీ బలైపోతున్నాయి. వీరగల్లు మీద ఎనామిల్ పెయింటు వేస్తున్నాం. శాసనం ఉన్న రాయిని కల్వర్టుకి పరుస్తున్నాం. వీటిలో దేన్నీ ఎవరూ కావాలని చేయడం లేదు. తెలియక చేస్తున్నారు. అందుకే తెలిసినవాళ్లు చెప్పాలి.

పద్ధతిగా చేస్తే ఏం దొరుకుతుందో సూర్యాపేట జిల్లా ఫణిగిరి చూపించింది. 2024లో అక్కడి విహారంలో భిక్షువుల గది దగ్గర చిన్న మట్టికుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు. ఇక్ష్వాకుల కాలానివి. కుండని కుండగా, ఉన్న చోట ఉన్నట్టుగా పురావస్తు శాఖవాళ్లు గుర్తించారు. కాబట్టే, భిక్షువులు ఉండే చోట అంత డబ్బు ఎందుకు దాచారు, ఎవరు దాచారు, తీసుకోవడానికి మళ్లీ ఎందుకు రాలేదు అనే ప్రశ్నలు మనం అడగగలుగుతున్నాం. ఇవే నాణేలు ఎవరి చేతిలోనో పడి, తలా గుప్పెడు పంచుకుని ఉంటే మిగిలేది తూకానికి అమ్ముడయ్యే సీసం.

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ మన దేశంలో అమలులో ఉంది. నేలలో దాగిన విలువైన వస్తువు దొరికితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలని అది చెబుతుంది. ఆ కాగితంలో ఏం దొరికింది, దాని విలువ ఎంత ఉండవచ్చు, ఏ తేదీన దొరికింది, ఎక్కడ దొరికింది అనేవి రాయాలి. మాస్టారి ప్రశ్న ఆయన పుట్టకముందే చట్టంలో ఉంది. మనమే చదవలేదు.

ఈ స్మారక సభకి ఒక విన్నపం చేసి ముగిస్తాను. ప్రతి హైస్కూలులో ఒక నోటు పుస్తకం పెట్టించండి. దాని పేరు 'మన ఊరి పాత గుర్తులు' అని ఉండనీయండి. ఊళ్లో ఉన్న పాత రాయి, శాసనం, దిబ్బ, వీరగల్లు, పాత బావి, ఒక్కోదానికి ఒక్కో పుట. ఏ సర్వే నంబరు, ఎవరి చేను, ఏ దిక్కున, ఎంత ఎత్తు. ఇప్పుడు అందరి చేతిలోనూ సెల్‌ఫోన్ ఉంది, ఒక ఫోటో. పక్కన ఒక స్కేలు పెట్టి తీయమనండి. పిల్లలు ఒక ఆదివారంలో చేయగల పని ఇది. ఎప్పుడైనా ఆ రాయి మాయమైతే ఆ పుటే దానికి సాక్షి అవుతుంది. మెకంజీ మనుషులు దించిన బొమ్మలు ఈనాడు మనకి అక్కరకి వస్తున్నట్టే, ఈ పుటలు రెండు వందల ఏళ్ల తర్వాత పుట్టేవాళ్లకి అక్కరకి వస్తాయి.

చేలో ఏదైనా దొరికితే తీయకండి. కడగకండి. ఇంటికి తేకండి. ఫోటో తీసి, చోటు రాసుకుని, తహసీల్దారుకో పురావస్తు శాఖకో కబురు పెట్టండి. మీ పిల్లవాడు జేబులోంచి ఒక పెంకు తీసి చూపించిన రోజున మాత్రం కోప్పడకండి. మాస్టారు అడిగినట్టే మెల్లగా అడగండి: "ఎక్కడ దొరికింది?"

వాడు తడుముకోకుండా చోటు చెప్పగలిగితే మాస్టారి చదువు వాడికి అందినట్టే.